పెద్దాడి గదిలో పొగ

“ఒట్టు వెయ్యి,” అంది పిన్ని. “మీ అన్న మీద ఒట్టేసి చెప్పు, ఆ గదిలోకి నువ్వు వెళ్ళలేదని.”

చిట్టి చేతిలోని బ్రెడ్డు ముక్క పళ్ళెంలో పడేసింది.

“పోయినవాడి మీద ఒట్లేంటమ్మా, పొద్దున్నే?”

“వెయ్యలేవన్నమాట.”

“వెయ్యలేక కాదు, వెయ్యను. నేను లాయర్ని. ఈ ఇంట్లో నా మాటకి ఆపాటి విలువ లేదా?”

“అదేనే నా భయం. లాయరువి.”

బల్లకి ఆ చివర కూర్చున్న చిట్టి తండ్రి డ్రైవరు తలెత్తలేదు. బస్సు నడపడం మానేసి ఆరేళ్ళయినా వీధిలో ఆయన్ని ఇంకా డ్రైవరనే అంటారు. బరువంతా ఒక పక్కకి వేసి, కుర్చీలో ఓరగా కూర్చుని టీ తాగుతున్నాడు. తల్లీకూతుళ్ళ మధ్య ఎటు మాట్లాడినా తంటాయే అని ఆయన ఎప్పుడో తేల్చుకున్నాడు.

పేపర్లో ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పడిన రోజు నుంచీ ఆ ఇంట్లో మాటలు కరువయ్యాయి. గంజాయిని లైసెన్సు దుకాణాల్లో, వయసు చూసి, లెక్క ప్రకారం అమ్మనివ్వాలని వాదించే పక్షం కింద చిట్టి ఫొటో. అలాంటి చట్టం రాకూడదనే పక్షం కింద పిన్ని ఫొటో. ‘కొడుకుని పోగొట్టుకున్న తల్లి’ అని దానికో శీర్షిక. ఆ తరవాత ఉప్పు కావాలన్నా గోడకి చెప్పినట్టు చెప్పుకున్నారే తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇవాళ మధ్యాహ్నం ఆ చట్టం మీద కమిటీ విచారణ, చిట్టి లాయరుగా, పిన్ని సాక్షిగా వెళ్ళాలి. మౌనం ఇవాళే పగలాల్సి వచ్చింది.

పగలగొట్టింది ఆ వాసన.

పిన్ని వీధి మొత్తానికీ పిన్నే. కింద లాండ్రీ, పైన ఇల్లు. ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి సగం జీవితం గడిపింది. ఎవరింట్లో జ్వరమో, ఎవరు మళ్ళీ సిగరెట్లు మొదలెట్టారో మూట విప్పగానే ఆవిడ ముక్కుకి తెలిసిపోతుంది. పెద్దాడి చొక్కాల్లో గంజాయి వాసన మొదట పట్టిందీ ఆవిడే. ఆ రోజు చొక్కాని ఇంకోసారి నానబెట్టి ఊరుకుంది. ఆ నీళ్ళ రంగు కూడా ఇప్పటికీ గుర్తే.

ఆ వాసన ఇప్పుడు పెద్దాడి గది తలుపు కింద నుంచి వస్తోంది. వాడు పోయాక ఎనిమిదేళ్ళుగా తాళం వేసి ఉన్న గది. తలుపు పక్క మేకుకి ఉండాల్సిన తాళంచెవి మాయమైంది. తాళం కూడా లేదు, ఊరికే చేరవేసి ఉంది తలుపు. తొయ్యడానికి మాత్రం ఆవిడకి చెయ్యి రాలేదు.

“నిన్న మధ్యాహ్నం కింద ఇస్త్రీ చేస్తున్నాను,” అంది పిన్ని, ఈసారి గొంతు తగ్గించి. “నెత్తిమీద మంచం కిర్రుమంది. వాడు అటు తిరిగి పడుకున్నప్పుడు వచ్చే చప్పుడే. ఇస్త్రీపెట్టె పట్టుకుని అలాగే ఉండిపోయా. ఎవరిదో కాలరు మాడిపోయింది.”

చిట్టి మొహం మెత్తబడింది. “అమ్మా, నీకు సరిగా నిద్ర లేదు. ఈ విచారణ గొడవ మొదలయ్యాక వాడే కళ్ళముందు ఉంటున్నాడు, నాకూ అంతే. ఇవాళ్టితో అయిపోతుంది.”

“అయితే వాసన?”

“మనసుకి అనిపిస్తుంది అలా.”

“మనసుకి ముక్కుంటుందా? మేకు మీది తాళంచెవిని కూడా మనసే తీసిందా? మీ పక్షం వాళ్ళు విచారణలో చూపించడానికని తెచ్చి ఇక్కడ దాచారేమో! ఖాళీ గది కదా అని.”

“ఎంత మాటన్నావు!” చిట్టి లేచి నిలబడింది. “ఆ పొగ వాడినేం చేసిందో చూసినదాన్ని నేను. అది మంచిదని ఎప్పుడన్నా అన్నానా? అమ్మేవాడు ఎలాగూ అమ్ముతున్నాడు, వాడికి పిల్లాడి వయసుతో పనిలేదు, పొట్లంలో ఏం కలిపాడో అడిగే దిక్కు లేదు, అందుకని దాన్ని చట్టం కళ్ళ ముందుకి తెమ్మంటున్నా. అంతే.”

“బోర్డు కట్టి, లైటు పెట్టి అమ్మితే పిల్లలు మానేస్తారా?”

“అన్నయ్యని తీసుకుపోయింది ఒక్క గంజాయే కాదమ్మా. భయం! గోడల్లోంచి మాటలు వినిపిస్తున్నాయన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందని గదిలో పెట్టి తాళం వేశాం. మనం. ముగ్గురం.”

“తాళం వేసింది నేను,” అంది పిన్ని. “ముగ్గురికీ పంచకు.”

డ్రైవరు కప్పు కింద పెట్టి, బల్ల అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి లేచాడు. చేతికర్ర అందుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

చిట్టి ఫైళ్ళు సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

“నిన్ను నేను ప్రశ్నలడగను. మా సీనియరుతో ముందే చెప్పాను.”

“ఎవరడిగితే ఏం!” పిన్ని పళ్ళేలు తీస్తూ అంది. “నీ నల్లకోటు ఇస్త్రీ చేసి కింద కొక్కేనికి తగిలించా. నలపకుండా తీసుకెళ్ళు.”

* * *

మాస్టారు పన్నెండు కాకుండానే లాండ్రీకి వచ్చాడు. స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి, గంజాయి వద్దనే సంఘానికి కార్యదర్శి. చేతిలో మడత పెట్టిన కాగితం.

“మీరు మాట్లాడాల్సింది రాసి తెచ్చానమ్మా. ఒకసారి చదువుకోండి, అక్కడ తడుముకోకుండా ఉంటుంది.”

పిన్ని తడిచేతులు తుడుచుకుని చదివింది. “ఒక్కసారి పీల్చినందుకే మా వాడికి మతి పోయిందని రాశారేంటి మాస్టారూ? ఒక్కసారి కాదు, మూడేళ్ళు పీల్చాడు.”

“మూడేళ్ళంటే అవతలివాళ్ళు పట్టుకుంటారు. మూడేళ్ళు మీరేం చేస్తున్నారంటారు.”

“అడగనివ్వండి. అడగాల్సిన మాటే.”

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “నా క్లాసులో ముందు బెంచీ పిల్లాడొకడు ఉండేవాడమ్మా,” అన్నాడు. “లెక్కలు నోటితో చేసేవాడు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నా పేరు మర్చిపోయాడు. ఇప్పుడు బస్టాండులో కనిపిస్తాడు. నేను పలకరిస్తే నవ్వుతాడు, అంతే. ప్రభుత్వమే దుకాణం తెరిస్తే ఆ నవ్వులు ఇంకెన్ని చూడాలో!”

పిన్ని కాగితం మడిచి కౌంటరు మీద పెట్టింది. “నా కొడుకు గురించి నేనే చెప్తా. కాగితం వద్దు.”

“మీ ఇష్టం. కానీ జాగ్రత్త. రిటైరైన జడ్జిగారు, ఆవిడకి ఇటో డాక్టరు, అటో పోలీసు అధికారి. ముగ్గురూ కూర్చుంటారు. ఒక మాట జారితే వెనక్కి తీసుకోలేం. భోంచేసి సిద్ధంగా ఉండండి, నేనొచ్చి తీసుకెళ్తా.”

ఆయన వెళ్ళాక పిన్ని దుకాణం తలుపు దగ్గరికి వేసి, చిట్టచివరి దుప్పటి ఇస్త్రీకి తీసుకుంది. మడతలు సరిచేసి పెట్టె పైకెత్తింది.

నెత్తిమీద మంచం కిర్రుమంది.

ఈసారి అనుమానం లేదు. ఒకసారి కిర్రుమని ఆగింది. మళ్ళీ కిర్రుమంది. చిట్టి విచారణ జరిగే హాలుకి వెళ్ళిపోయింది. డ్రైవరు ఈ వేళకి డిపో దగ్గర పాత స్నేహితులతో కూర్చుంటాడు. ఇంట్లో ఎవరూ లేరు.

ఇస్త్రీపెట్టె ఆపేసి మెట్లెక్కింది. హాలు దాటేసరికి వాసన గుప్పుమంది. పొద్దున చేరవేసి ఉన్న తలుపుకి ఇప్పుడు లోపల గడియ పెట్టి ఉంది.

పిన్ని అరచెయ్యి తలుపుకి ఆనించింది. ఆ చెక్క మీద అవతలి నుంచి వాడు కొట్టిన దెబ్బలు ఒకప్పుడు ఇదే అరచేతికి తగిలాయి. ‘అమ్మా, తలుపు తియ్యి, వాళ్ళు నన్ను పిలుస్తున్నారు’ అనేవాడు. ఒకరోజు అన్నం పెట్టడానికి ఆవిడ తలుపు తీసింది. వాడు ఆవిణ్ణి తోసుకుని, చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. వంతెన కింద దొరికాడు.

“నాన్నా,” అంది పిన్ని. “నువ్వేనా?”

మంచం చప్పుడు ఆగిపోయింది. లోపల ఎవరో ఊపిరి బిగబట్టారు.

“నేను తియ్యలేను రా, గడియ లోపలుంది. నువ్వే తియ్యాలి.”

తరవాత ఎవరో దగ్గారు. ఆపుకుందామని, ఆపుకోలేక, తెరలు తెరలుగా దగ్గు. పెళ్ళయిన నాటి నుంచి పక్కన వింటున్న దగ్గు.

పిన్ని చెయ్యి తలుపు మీంచి జారిపోయింది. గడియ తీసిన చప్పుడయింది.

డ్రైవరు తలుపు తీసి, వెనక్కి నడిచి మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. కిటికీ తెరిచి ఉంది. గూట్లో పాత డబ్బా మూత, అందులో బూడిద. పెద్దాడి పుస్తకాల మీద దుమ్ము అలాగే ఉంది, ఒక్కటీ కదల్లేదు.

పిన్ని గుమ్మంలోనే నిలబడింది. వచ్చింది కోపమో ఏడుపో ఆవిడకి తెలియలేదు. కొడుకు లేడన్న సంగతి ఆ దగ్గుతో ఇంకోసారి కొత్తగా తెలిసినట్టయింది.

“ఎప్పట్నించి?”

“చలి మొదలైనప్పట్నించి.”

“వాడి గదిలోనా? వాడి మంచం మీదా?”

“ఇక్కడికి నువ్వు రావు కదా. చొక్కా తీసి, కిటికీ తెరిచి కూర్చుంటే ఇన్నాళ్ళూ నీ ముక్కుకి అందలేదు.”

“నడుం నొప్పి తగ్గిందన్నారు! మాత్రలు పనిచేస్తున్నాయన్నారు!”

“మాత్రలు నొప్పిని కాదు, నన్ను పడుకోబెడుతున్నాయి. రోజంతా మొద్దులా పడుంటే నువ్వు కింద ఒక్కదానివీ చావాలి.” ఆయన నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. “నరం నలిగిపోయిందట. ఇంతకంటే చెయ్యగలిగింది లేదన్నాడు డాక్టరు. ఇది తాగితే నొప్పి పోదు. కొంచెం అవతలికి జరిగి పక్క సీట్లో కూర్చుంటుంది. గంటో రెండు గంటలో బండి నా చేతిలో ఉంటుంది.”

“చిట్టికి తెలుసా?”

“తెలీదు. తెలిస్తే నన్నే మొదటి సాక్షిని చేస్తుంది.” నవ్వబోయాడు. నవ్వు దగ్గులో కలిసిపోయింది.

పొద్దున కూతుర్ని ఏమేం అందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది పిన్నికి. తలుపు చెక్కని పట్టుకుంది.

“ఎక్కడ దొరికింది మీకిది?”

డ్రైవరు కిటికీ వైపు తిరిగాడు.

“మిమ్మల్నే.”

“డిపో వెనక సందులో. సైకిలు షాపు పక్కన.”

ఆ సందు సంగతి వాళ్ళకి పెద్దాడు పోయిన తరవాతే తెలిసింది. వాడి స్నేహితుడొకడు ఏడుస్తూ చెప్పాడు. ఆ తరవాత పిన్ని ఇటు మార్కెట్టుకి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి వెళ్ళేది కానీ ఆ సందు మొగలో అడుగు పెట్టలేదు.

“వాడేనా?” అంది.

“వాడే. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.”

“మిమ్మల్నెలా గుర్తుపడతాడు?”

“పెద్దాడిది నా మొహమే కదా. ‘మీ అబ్బాయి ఇటు రావడమే మానేశాడు, బాగున్నాడా?’ అన్నాడు.”

“మీరేమన్నారు?”

“బాగున్నాడన్నాను.”

పిన్ని గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసింది.

“ఇంకేమనను?” డ్రైవరు చేతులకేసి చూసుకుంటూ అన్నాడు. “మెడ పట్టుకుందామనే వెళ్ళా మొదటిసారి. నిజం. కానీ వాడు ఆ మాట అడిగేసరికి... మన ఊళ్ళో మనల్ని ఆ మాట అడిగేవాళ్ళు లేరు కదే. అందరికీ తెలుసు. వాడొక్కడికే తెలీదు. వేరే ఊళ్ళో ఉద్యోగం అని చెప్పా. చెప్తుంటే మనవాడు ఎక్కడో నిజంగానే ఉన్నట్టనిపించింది. మళ్ళీ వెళ్ళా. మళ్ళీ అడిగాడు. వెళ్ళిన ప్రతిసారీ అడుగుతాడు, నేను ఏదో ఒకటి కల్పిస్తా. పొట్లం కోసం వెళ్తున్నానా, ఆ ప్రశ్న కోసం వెళ్తున్నానా అంటే చెప్పలేను.”

“ఏం కల్పించారు?”

“పోయినసారి పెళ్ళయిందని చెప్పాను.”

కింద దుకాణం తలుపు ఎవరో తట్టారు. మాస్టారు వచ్చినట్టున్నాడు.

“వెళ్ళు,” అన్నాడు డ్రైవరు. “అక్కడ నువ్వు చెప్పదలుచుకుంది చెప్పు. నాకోసం మాట మింగకు. నన్ను మాత్రం ఇది మానెయ్యమనకు.”

పిన్ని మెట్లు దిగి సగంలో ఆగింది. పెద్దాడికి పెళ్ళయితే కోడలు ఎలా ఉండేదో ఒక్క క్షణం మనసులో మెదిలింది. ఆ క్షణానికి తన మీద తనకే వెగటు పుట్టింది. పుట్టినా, ఆ ఆలోచన పోలేదు.

* * *

విచారణ జరిగే హాలు నిండిపోయింది. పై వరుసలో ముగ్గురు సభ్యులు. మధ్యలో తెల్లజుట్టు జడ్జిగారు, కుడివైపు డాక్టరు, ఎడమవైపు పోలీసు అధికారి. చిట్టి అవతలి బల్ల దగ్గర సీనియరు పక్కన కూర్చుంది. కోటుకి ఒక్క ముడత లేదు.

పిన్ని కాగితం లేకుండానే చెప్పింది. చొక్కా వాసన చెప్పింది, రెండోసారి నానబెట్టడం చెప్పింది, మూడేళ్ళన్నప్పుడు మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. గోడల్లో మాటలు చెప్పింది. తాళం చెప్పింది. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

“మంచినీళ్ళు తాగుతారా?” అన్నారు జడ్జిగారు.

“వద్దండీ. చట్టాలు నాకు తెలీవు. దుకాణంలో దొరుకుతుందంటే మావాడు ఇంకా ముందే మొదలెట్టేవాడేమోనని నా భయం. అంతే.”

చిట్టి సీనియరు లేచాడు. గొంతు తియ్యగా ఉంది. “మూడేళ్ళు తెలిసీ ఊరుకున్న తల్లి చట్టం గురించి చెప్పడం...”

“సార్,” అంటూ చిట్టి లేచింది. “ఈ సాక్షిని నేనడుగుతాను.”

హాల్లో గుసగుసలు లేచాయి. సీనియరు ఏదో అనబోయి, ఆమె మొహం చూసి కూర్చున్నాడు.

తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది చిట్టి. పొద్దున ‘అడగను’ అన్న మనిషే. అవమానం జరగకుండా అడ్డుపడడానికే లేచిందని పిన్నికి అర్థమైంది. కూతురి కళ్ళలో తడి అంతదూరం నుంచి ఎవరికీ కనిపించదు, తల్లికి తప్ప.

“ఒక్కటే ప్రశ్న అమ్మా. మీ అబ్బాయికి గంజాయి అమ్మిన మనిషి... నిషేధం ఉంది, చట్టం ఉంది, ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆ మనిషి ఇప్పుడు లేడని, ఆ అమ్మకం ఆగిపోయిందని మీరు చెప్పగలరా?”

తేలిక ప్రశ్న. ‘నాకు తెలీదు’ అంటే చాలు. చిట్టికి కావలసింది కూడా ఆ జవాబే. తెలీదంటే, చూశారా, ఈ చట్టం ఏం చేసిందో ఎవరికీ తెలీదు అని చెప్పి కూర్చుంటుంది. తల్లి గౌరవం తల్లికి దక్కుతుంది.

పిన్ని హాలు చివరికి చూసింది. ద్వారం పక్క కుర్చీలో డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో! ఒక పక్కకి ఒరిగి, రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని.

నాకు తెలీదు అందామనే నోరు తెరిచింది. కానీ సైకిలు షాపు పక్కన నెరిసిన జుట్టుతో ఎవరో నవ్వుతూ నిలబడి ఉన్నాడు కళ్ళముందు. వాడి లెక్కలో పెద్దాడు ఇంకా బతికే ఉన్నాడు. ఉద్యోగం చేసుకుంటున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు. తన దగ్గర లేని కొడుకు వాడి దగ్గర ఉన్నాడు.

“ఉన్నాడు,” అంది పిన్ని.

చిట్టి తడబడింది. “ఏమన్నారు?”

“ఉన్నాడు. అక్కడే ఉన్నాడు, అదే సందులో. జుట్టు నెరిసింది. మీ అబ్బాయి బాగున్నాడా అని అడుగుతున్నాడు.”

పోలీసు అధికారి అప్పటిదాకా కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవాడు ముందుకి వంగాడు. గొంతులో కాఠిన్యం లేదు, ఆసక్తి ఉంది.

“ఎవర్నమ్మా అడుగుతున్నాడు?”

పిన్ని బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకుంది. ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలున్న ఆ వేళ్ళు తెల్లబడిపోయాయి.

“మీరు వెళ్ళారా అక్కడికి?” అన్నాడాయన మళ్ళీ. “లేక మీ ఇంట్లో ఎవరైనానా?”

వెనక కుర్చీ కాలు నేల మీద గీసుకుంది. ఊపిరి బిగబట్టి, ఎవరో కర్ర మీద బరువు వేసి లేస్తున్నారు. పిన్ని తిరిగి చూడలేదు.

చిట్టి చూసింది. పొద్దుటి వాసనా, మాయమైన తాళంచెవీ, కిర్రుమన్న మంచమూ అన్నీ ఒక్కసారే వచ్చి ఆమె మొహం మీద పడ్డాయి.

“నాన్నా, కూర్చో!” అని అరిచింది, హాలు మొత్తానికీ వినిపించేలా.